పేరుకు ఉప్పు

జమ్మలమడుగు
సోమవారం

పుష్పావతికి,

చెప్పేది మస్తానమ్మ, రాసేది టైలర్ రామాంజులు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాల, నున్నగా ఇస్త్రీ చేసినావంటే ఒప్పుకోనని వానికి ముందే చెప్పినా. ఫోన్ చేద్దామంటే నీకు చెవులు పోయినాయంట గదా. అదీ మంచికే. ఫోన్లో మాటను దర్గా కమిటీ ముందర పెట్టలేను, కాగితమైతే పెడతా. పులివెందుల బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతాండా, నువ్వూ వాని చేతికే ఇయ్యి.

సంగతి విను. పెన్నొడ్డు దర్గాలో వలీ సమాధి మీద నల్లబండ ఉంది గదా, చిన్నప్పుడు నువ్వు దాంట్లో మొగం చూసుకోని జడ సర్దుకుంటాంటివి. ఉరుసు దగ్గర పడిందని మొన్న అందరూ పోయి చూస్తే దాని మీద తెల్లతెల్లగా మచ్చలు. చెయ్యి పెడితే గరగరమంటాది. మెరుపంతా పోయింది. "ఎవరో యాసిడ్ పోసినారు" అన్నాడు దర్గా చూసుకునే ముజావర్ గఫూర్. ఎవరో ఏంది, దర్గా తుడిచేది నా కోడలు మైమూనే గదా. మూలనుండే డబ్బా పట్టుకొచ్చి, దాని మీద రాసింది అందరికీ ఇనపడేటట్ల చదివినాడు: నల్ల ఫినాయిల్, ఇందులో కార్బాలిక్ యాసిడ్ కలదు.

అంతే అమ్మే. యాసిడ్ అనే మాట ఉంది గదా, ఇంక ఎవరికి ఏం కావాల?

నా కొడుకు మౌలాలి చచ్చిపోయినాక వాడు దర్గాలో చేసే పనిని గఫూర్ తన తమ్మునికి ఇప్పించుకున్నాడు. అప్పుడు మైమూన్ నిలబడుకోని నాలుగు మాటలు అడిగింది. ఆ కచ్చ పెట్టుకోని ఇప్పుడు వలీ మీద యాసిడ్ పోసిందంట. కమిటీ ప్రెసిడెంటు హఫీజ్ సాబు, బస్టాండు దగ్గర సోడా అంగడాయన, మంచోడే, ఆయన కూడా తల దించుకోని "ఈ శుక్రవారం కాదు, వచ్చే వారం జుమ్మా నమాజు అయినాక తేల్చాల మస్తానమ్మా" అన్నాడు. తేల్చేదేందంటే, తప్పు ఒప్పుకుంటే దర్గా గేటు లోపలికి బతికున్నన్నాళ్లు అడుగు పెట్టకూడదు. ఒప్పుకోకుంటే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు కాగితం ఇస్తారు. ఫిర్యాదు అప్పుడే రాసి పెట్టుకున్నారు, గఫూర్ జేబులో ఉంది.

గేటు లోపలే గదమ్మే నా కొడుకుని పెట్టింది. ఆ పిల్ల ఊడ్చేది జీతానికనుకుంటాండావా? వాని పక్కన రొంతసేపు కూచోవచ్చని.

కొళాయి కాడ ఆడోళ్లు దాన్ని చూసి బిందెలు పక్కకి జరుపుకుంటాంటే ఓర్చుకోలేక ప్రొద్దుటూరులో దాని అక్క ఫిర్దోస్ ఇంటికి పంపించినా.

నువ్వు పులివెందుల కాలేజీలో పిల్లోళ్లకు ఇన్నేండ్లు ఈ యాసిడ్లే గదా చెప్పింది. ఫినాయిల్ బండను తింటాదా, తినదా? రాసి కింద సంతకం పెట్టు. తింటాదంటే అదే రాయి. నాకి అబద్ధం వద్దు.

వేలిముద్ర,
మస్తానమ్మ

*

పులివెందుల
బుధవారం

మస్తానమ్మ పెద్దమ్మకు,

పుష్ప నమస్కారాలు. నీ జాబు చదువుతుంటే నీ గొంతు వినిపించింది. ఈ మధ్య నాకు వినిపించిన గొంతు అదొక్కటే.

తినదు. ఫినాయిల్ ఆ బండను తినదు. ఇది కమిటీలో చదివించు. అర్థం కావాలని విడమరచి రాస్తున్నాను.

యాసిడ్ అంటే తన దగ్గరున్న హైడ్రోజన్‌ను వదిలిపెట్టేది. ఎంత తేలిగ్గా వదిలితే అంత గట్టి యాసిడ్. అయితే వదిలాక మిగిలిన బరువు దాని మీద పడుతుంది. ఆ బరువు మోయగలిగిందే వదలగలుగుతుంది. సూది వేసే ముందు పూసే స్పిరిట్‌ను చూడు, అందులో ఆ బరువంతా ఒక్క ఆక్సిజనే మోయాలి. అందుకే వదలదు. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్‌కు, అంటే ఆ కార్బాలిక్ యాసిడ్‌కు, పక్కన ఆరు కార్బన్ల చక్రం ఒకటుంది. బరువులో కొంత దాని మీదికి నెడుతుంది. అందుకని స్పిరిట్ కన్నా నయం. వెనిగర్‌లో అయితే రెండు ఆక్సిజన్లు సరిసమానంగా పంచుకుంటాయి. నువ్వు కుట్టిన నా పెళ్లిపరుపును నువ్వొక కొస, మా అమ్మొక కొస పట్టుకొని మిద్దె మీదికి మోశారే, అట్లా. వెనిగర్ ఫినాల్ కన్నా లక్ష రెట్లు గట్టిది. నిమ్మకాయ వెనిగర్‌ను మించింది.

ఇక బండ. మన నల్లబండ సున్నపురాయి జాతి. యాసిడ్ దాన్ని తింటే బుడగలొస్తాయి. సోడాలో ఉండే గ్యాసే అది. ఆ గ్యాసు నీళ్లలో కరిగితే అదీ ఒక చిన్న యాసిడే. బండలోంచి దాన్ని వెళ్లగొట్టాలంటే దానికన్నా గట్టిది రావాలి. ఫినాల్ అంత గట్టిది కాదు. ఒక్క మాటలో చెప్పాలంటే, డబ్బా మీద పేరు చూసి మీరు భయపడుతున్న ఆ యాసిడ్ హఫీజ్ సాబు సోడా కన్నా చేతకానిది. చేతికి తగిలితే మాత్రం కాలుతుంది, జాగ్రత్త. చర్మాన్ని కాల్చడం వేరు, బండను తినడం వేరు.

నమ్మకపోతే అదే జాతి బండముక్క మీద ఫినాయిల్ ఒక చుక్క, నిమ్మరసం ఒక చుక్క వేసి చూడమను. ఫినాయిల్ దగ్గర ఏమీ ఉండదు. నాది పూచీ.

సంతకం పెట్టాను. రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ అని కూడా రాశాను.

పుష్పావతి

*

జమ్మలమడుగు
శుక్రవారం

పుష్పావతికి,

మంచీచెడ్డా అడగడం లేదు. రామాంజులు "కొంచెం మెల్లగా చెప్పవ్వా" అంటాండాడు. మెల్లగా చెప్పేది కాదిది.

వాళ్లు చెప్పిన జుమ్మాకి ఇంకా వారముంది గదా, ముందే తేల్చేద్దామని ఈ పొద్దే కమిటీని దర్గా కాడికి పిలిపించినా. నీ కాగితం రామాంజులు చదివినాడు. లక్ష రెట్లు అనేకాడ అందరూ తలలూపినారు. సోడా మాటకు హఫీజ్ సాబు కూడా నవ్వినాడు. నాకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు గఫూర్ లేచి, "చదువుకున్నామె పూచీ అంటాంది గదా, మైమూన్ వాడిన డబ్బాలోదే పోసి చూద్దాం" అన్నాడు.

"పోయప్పా, రెండు చేతులతో పొయ్యి" అన్నా. నేనే అన్నా పుష్పా.

బండ పరిచినప్పుడు మిగిలిన ముక్క గోడకు ఆనించి ఉంటే తెచ్చినారు. డబ్బా ఒంచినారు. సుయ్యిమని బుడగలు. నా కండ్ల ముందరే. తుడిచి చూస్తే తెల్లగా, సమాధి మీద ఎట్లుందో అట్లే. గఫూర్ ఊరికే ఉంటాడా? "చూడండి, అందరూ దగ్గరికొచ్చి చూడండి" అని తిరునాళ్లలో మాదిరి పిలిచినాడు.

నీ కాగితం నా చేతిలోనే ఉంది. యాడ పెట్టుకోవాల్నో తెలియలేదు.

ఇన్నేండ్లు పిల్లోళ్లకు ఏం చెప్పినావమ్మే నువ్వు? నాది పూచీ అంటివే, ఇప్పుడు తీర్చు ఆ పూచీ. పోయినసారి కోడలి మీద అనుమానం ఒక్కటే. ఈసారి సాక్ష్యం కూడా నా చేతులతో నేనే ఇచ్చొచ్చినా.

ఆ ఫినాయిల్ కూడా ఏం ఫినాయిలో, విరిగిన పాల మాదిరి తరకలు తరకలుగా పడింది. పైన నల్లనూనె తేలతాండాది. అట్లాంటి సరుకు అమ్మినోని మీద కేసు లేదు, తుడిచినదాని మీద కేసు.

నువ్వింక రాసినా రాయకపోయినా ఒకటే.

మస్తానమ్మ

(ఇది నా సొంత మాట. టీచరమ్మా, అవ్వ అన్నం ముట్టలేదు. తొందరగా రాయండి. – రామాంజులు)

*

పులివెందుల
శనివారం

పెద్దమ్మా,

తిట్టు, పడతాను. నేను రాసింది ఫినాయిల్ గురించి. ఆ డబ్బాలో ఏముందో అడగకుండానే పూచీ ఇచ్చాను. పుస్తకంలో ఉన్నదాన్ని చెప్పి, మీ మూలనున్న దాన్ని మరిచాను.

కానీ నీ కోపంలో ఒక మాట దొర్లింది. విరిగిన పాల మాదిరి పడింది అన్నావు. మంచి నల్ల ఫినాయిల్ విరగదు. అందులో నూనెను నీళ్లలో కలిపి ఉంచేది సబ్బు. సబ్బు విరిగి నూనె పైకి తేలిందంటే, ఆ డబ్బాలో ఎవరో ఏదో గట్టి యాసిడ్ కలిపారు. పాలల్లో నిమ్మకాయ పిండినట్టు.

ఫినాయిల్ కాదు ఆ బండను తిన్నది. కలిపినది తిన్నది.

వెంటనే ప్రొద్దుటూరు పో. మైమూన్‌ను "యాసిడ్ కలిపినావా" అని మాత్రం అడగవద్దు. లేదంటుంది, అది నిజమే కావచ్చు. "ఏం కలిపినావు" అని అడుగు. ఏమైనా సరే, పేరు ఏదైనా సరే, చెప్పించు.

పుష్ప

*

ప్రొద్దుటూరు, ఫిర్దోస్ ఇల్లు
ఆదివారం

పుష్పావతికి,

ఈ జాబు రాసేది మైమూనే. నేనే రాయమన్నా. దాని మీద పడిన మాటకు జవాబు దాని చేతితోనే పడాల. రాసేటప్పుడు ఏడ్చి కాగితం తడిపితే ఇంకోటి రాయిస్తానని చెప్పినా.

నువ్వు చెప్పినట్టే అడగాలనుకోని వచ్చినా గానీ, దాన్ని చూడంగానే నోరు ఆగలేదు. "యాసిడ్ పోసినావంట గదే, నిజం చెప్పు" అన్నా. అది ఖురాన్ తీసుకోని రా అత్తా అనింది. నెత్తిన పెట్టుకోని చెప్తాననింది. నీళ్లు, ఫినాయిల్, అంతే అనింది. అప్పుడు నీ మాట గుర్తొచ్చి ఇంకో మారు అడిగినా. "ఏం కలిపినావే?"

"ఏమీ లేదత్తా. రొంత ఉప్పు."

"ఏం ఉప్పు?"

ఉరుసు వస్తాంది, బోరునీళ్లకు బండ మీద తెల్లగా పొర కట్టింది, ఎంత తుడిచినా పోలేదంట. హఫీజ్ సాబు అంగడి ముందర పోతాంటే ఆయనే పిలిచినాడంట. "ఆ తెలుపు పోలేదా తల్లీ, అది నీళ్లలో ఉప్పు. ఇదో, నా కాడ నిమ్మఉప్పు ఉంది, డబ్బాలో కలిపి తుడువు, ఊడొస్తాది" అని పొట్లం కట్టిచ్చినాడంట. సోడాలో, షర్బత్తులో ఏస్తారే, అది. ఇది పోయి డబ్బాలో పోసి ఊపింది. రాత్రికి నానితే బాగా పోతాదని బండ మీద పోసి, గుడ్డ కప్పి వచ్చింది.

"మరి కమిటీలో ఎందుకు చెప్పలేదే?" అంటే, "వాళ్లు యాసిడ్ గురించి అడిగినారు గానీ ఉప్పు గురించి అడగలేదు గదత్తా" అంటాంది. చూసినావా? అడిగినోళ్లకూ తెలియదు, చెప్పేదానికీ తెలియదు.

పుష్పా, ఉప్పుకూ బండకూ ఏందమ్మే? కూరలో ఏసేది బండను తింటాదా? తింటే మా ఉప్పు రోలు ఎప్పుడో అరిగిపోవాల. బిరీన చెప్పు. ఇంక ఉండేది ఐదారు నాళ్లు.

మస్తానమ్మ

పుష్పావతి టీచరమ్మకు, మైమూన్ రాసుకునేది. అత్త లోపలికి పోయింది. నేను వలీ బండ మీద ఆయన పేరు చదువుకుంటా తుడిచేదాన్ని. మెరవాలనే పోసినా. చేసింది నేనే అయితే ఒప్పుకుంటా, జైలుకైనా పోతా. మా ఇంటాయన్ని చూడ్డానికి పోకూడదని మాత్రం అనొద్దని చెప్పండి.

*

పులివెందుల
సోమవారం

పెద్దమ్మా, మైమూన్,

దొరికింది.

నిమ్మఉప్పు ఉప్పు కాదు. ఉప్పు మాదిరి తెల్లగా, పలుకులుగా ఉంటుందని మనవాళ్లు అట్లా పేరు పెట్టారు. అది సిట్రిక్ యాసిడ్. నిమ్మకాయలో పులుపే ఆరబెట్టి పొడి చేసినట్టు. వెనిగర్‌లో బరువు పంచుకునే జత ఒక్కటే ఉంటుందని చెప్పాను కదా, దీంట్లో అట్లాంటి జతలు మూడున్నాయి. సున్నపుపొరను తినేసింది, పొర అయిపోయాక కింద బండా సున్నమే కాబట్టి దాన్నీ తినడం మొదలుపెట్టింది. గుడ్డ కప్పి వదిలేశావు, దానికి కావలసినంత పొద్దు దొరికింది.

చూడండి ఎంత తమాషానో. యాసిడ్ అని రాసి ఉన్నది బండను ముట్టలేదు. ఉప్పు అని పేరున్నది తినేసింది. నేను జీతం తీసుకొని చెప్పిన పాఠం ఇదే, ఏది ఎంత గట్టిదో పేరును బట్టి చెప్పకూడదని. నేనే డబ్బా మీది పేరుతో మొదలుపెట్టి, పేరుతోనే ముగించాను.

జుమ్మా నాడు మూడు పెట్టండి. కొత్తగా కొన్న ఫినాయిల్ ఒకటి. వంటింటి ఉప్పు కలిపిన నీళ్లు ఒకటి. నిమ్మఉప్పు కలిపిన నీళ్లు ఒకటి. ఒకే బండముక్క మీద, అందరూ చూస్తుండగా. ఈసారి నేను ఇంట్లో మూడూ వేసి చూసుకున్నాకే రాస్తున్నాను.

ఒక్క భయం. ఆ పొట్లం ఇచ్చింది హఫీజ్ సాబు అనేదానికి మైమూన్ మాట తప్ప ఇంకేమీ లేదు. బుడగలు చూశాక ఆయన "నేనివ్వలేదు" అంటే? ఆయనకూ అది ఉప్పనే తెలుసు పెద్దమ్మా, పాపం మంచికే ఇచ్చాడు. కానీ భయపడిన మంచివాడు ఏమంటాడో చెప్పలేం. ఆ సంగతి నువ్వెట్లా చేస్తావో నాకు తెలియదు. అది కెమిస్ట్రీ కాదు.

పుష్ప

*

జమ్మలమడుగు
శనివారం

అమ్మా పుష్పా,

నిన్నటి సంగతి మొత్తం చెప్తా. రామాంజులు ఆడనే ఉన్నాడు, నేను ఎక్కువ తక్కువ చెప్తే వాడే ఆపుతాడు.

నమాజు అయినాక అందరూ దర్గా ముందర చేరినారు. గఫూర్ జేబులో నుంచి ఫిర్యాదు తీసి పట్టుకున్నాడు. నువ్వు చెప్పిన మూడింటినీ నేను బయట పెట్టలేదు, సంచిలోనే ఉంచినా. నువ్వు రాసిన భయం నాకూ ఉంది. అందుకని ముందు హఫీజ్ సాబు కాడికి పోయి మెత్తగా అడిగినా.

"సాబూ, మా కోడలు బండ మీద తెలుపు పోలేదని ఏడుస్తాంటే పిలిచి సాయం చేసింది నువ్వేనంట గదా? ఏదో పొట్లం ఇచ్చినావంట."

ఆయన మొగం ఎట్ల వెలిగిందో. "నేనే ఇచ్చినా మస్తానమ్మా. నిమ్మఉప్పు. దర్గా పని గదా, ఊరికేనే ఇచ్చినా" అని అందరికీ ఇనపడేటట్ల చెప్పినాడు. పుణ్యం ఎవరి ఖాతాలో పడాల్నో అందరికీ తెలియాల గదా.

ఆ మాట ఆయన నోట పడినాక సంచి ఇప్పినా.

రామాంజులు పొద్దున ఆయన అంగట్లోనే నిమ్మఉప్పు కొనుక్కొచ్చినాడు. బండముక్క కింద పెట్టి, కొత్త ఫినాయిల్ పోయించినా. నల్లగా పారింది, అంతే. ఉప్పునీళ్లు పోయించినా. తడిసింది, అంతే. మూడోది నేనే పోసినా. అమ్మే, సుయ్యిమన్న శబ్దం గోడ పక్కన నిలబడినోళ్లకు కూడా ఇనిపించింది. తుడిచి ఎత్తి చూపించినా. తెల్లగా, గరగరగా. చెయ్యి పెట్టి చూడండప్పా అని ఒక్కొక్కరి ముందరికీ తీసుకపోయినా.

హఫీజ్ సాబు వేలు పెట్టి చూసి, ఆడనే గట్టు మీద కూలబడినాడు. "దీన్ని పిల్లోళ్లు తాగే సోడాలో ఏస్తానే" అన్నాడు. నీళ్లలో చిటికెడు ఏస్తే ఏం కాదంట, పుష్పావతి చెప్పింది అని రామాంజులు అన్నాడు. నువ్వు చెప్పలేదు గానీ, ఆ మనిషి మొగం చూసి వానికి అట్ల అనాలనిపించింది. నిజమేనా కాదా రాయి.

అప్పుడే అయిపోయింటే బాగుండు. గఫూర్ లేచినాడు. "అయితే ఇచ్చినోడు ప్రెసిడెంటు. వలీ మీద యాసిడ్ పోయించింది ప్రెసిడెంటు. మైమూన్ పేరు కొట్టేసి ఈయన పేరు రాయండి" అన్నాడు. పది మంది అవునవును అన్నారు. నా కోడలి మీద కేకలేసినోళ్లే అమ్మే, అవే నోర్లు. హఫీజ్ సాబు నా దిక్కు చూసినాడు. నేను మెత్తగా అడిగి పట్టిచ్చినా గదా ఆయన్ని. ఆ చూపు నాకి ఇప్పటికీ గుచ్చుకుంటాంది.

ఎవరో పెన్ను కూడా తీసినారు.

నేను పోయి గఫూర్ చేతిలో కాగితం పట్టుకున్నా. వాడు వదల్లేదు. "వదులు గఫూరూ" అన్నా. "నీకేం మస్తానమ్మా, నీ కోడలు బయటపడింది గదా" అన్నాడు.

"మీకి కావాల్సింది యాసిడ్ గదప్పా. యాసిడ్ దొరికింది, ఇదో కింద బండ మీద ఉడుకుతాంది. ఇంకా మనిషి ఎందుకు?"

వాడు వదిలినాడు. నేను చించినా. నాకి చదవడం రాదు, ఏ ముక్కలో ఎవరి పేరుందో తెలియదు. అందుకని బాగా చిన్న ముక్కలు చేసినా.

అది నా లెక్క. మైమూన్ లెక్క వేరే.

సాయంత్రం హఫీజ్ సాబు తన సోడా ఆటోలో స్వయంగా ప్రొద్దుటూరు పోయినాడు. సీసాలు దించి, ఫిర్దోస్ ఇంటి ముందర నిలబడి రమ్మన్నాడంట. మైమూన్ ఎక్కి వచ్చింది. దర్గా గేటు కాడ దిగి ఆగిపోయింది. నేను లోపల నుంచి "రాయే" అంటే రాలేదు. ముజావరూ, కమిటీవోళ్లూ అందరూ ఆడనే ఉన్నారు. హఫీజ్ సాబును అడిగింది, తల ఎత్తి:

"నేనేం పోసినానో చెప్పండి సాబూ."

ఆయన గఫూర్ దిక్కు చూడలేదు, నా దిక్కు చూడలేదు.

"నేనిచ్చింది పోసినావు తల్లీ" అన్నాడు.

అప్పుడు చెప్పులు ఇప్పింది. కొంగు తల మీదికి లాక్కోని, సమాధి దిక్కు పోకుండా, నేరుగా గోడ వారన మౌలాలి కాడికి పోయి కూచుంది.

మస్తానమ్మ